145 శాతం సుంకం నెల రోజులకే 30కి ఎందుకు దిగింది? అసలు ఎవరి జుట్టు ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న – లెక్క కుదరనివాడు

2025 ఏప్రిల్‌లో జరిగింది ఎన్నిసార్లు చదివినా నాకు లెక్క కుదరడం లేదు. అమెరికా చైనా సరుకుల మీద సుంకాన్ని పది రోజులు తిరగకుండానే 145 శాతానికి తీసుకెళ్లింది. చైనా 125 శాతంతో బదులు చెప్పింది. అంత సుంకం కట్టి సరుకు దించుకునేవాడు ఎవడూ ఉండడు కాబట్టి వ్యాపారం ఆగిపోవడమే తరువాయి. తీరా మే 12న జెనీవా నుంచి ఉమ్మడి ప్రకటన వెలువడేసరికి అమెరికా 30కి, చైనా 10కి దిగివచ్చాయి.

నా సందేహం ఇది. 2024లో అమెరికా చైనా నుంచి సుమారు 439 బిలియన్ డాలర్ల సరుకు కొంది. చైనాకు అమ్మింది సుమారు 143 బిలియన్లు. సుంకాల పోరులో ఎక్కువ అమ్ముకునేవాడే ఎక్కువ నష్టపోవాలి కదా? ఆ లెక్కన చైనా దిగిరావాలి, అమెరికా బెట్టు చేయాలి. జరిగింది చూస్తే ఇద్దరికీ సమానంగా ఊపిరాడనట్టు కనిపిస్తోంది. నేను చూడని పద్దు ఏదో ఉండి ఉండాలి.

ఇంకో సంగతి. దీన్ని అందరూ కొత్త ప్రచ్ఛన్న యుద్ధం అంటున్నారు. ఆ పోలిక నిలుస్తుందా? ఎవరు గొప్ప అనే వాదన మాత్రం వద్దు, అది చదివి చదివి విసుగొచ్చింది.


జవాబు 1 – బాండ్లబాబు

మీరు వెతుకుతున్న పద్దులో కొంత అమెరికా లోపలే ఉంది. ఏప్రిల్ రెండో వారంలో మదుపరులు అమెరికా ప్రభుత్వ బాండ్లను తెగనమ్మారు. బాండు ధర పడేకొద్దీ రాబడి పెరుగుతుంది కాబట్టి పదేళ్ల బాండు రాబడి 4 శాతం దగ్గర నుంచి 4.5 శాతం వరకు ఎగబాకింది. మామూలుగా షేర్లు పడితే డబ్బు బాండ్లలోకి పరుగెడుతుంది. ఈసారి రెండూ కలిసి పడ్డాయి. ఆ ఒత్తిడి మధ్యనే 9వ తేదీన మిగతా దేశాల సుంకాలకు 90 రోజుల విరామం ప్రకటించారు, చైనాకు మాత్రం ఇంకా పెంచారు. 21న వాల్‌మార్ట్, టార్గెట్, హోమ్ డిపో అధిపతులు శ్వేతసౌధానికి వెళ్లి అధ్యక్షుణ్ని కలిశారు.

అమ్మేవాడికి పోయేది డబ్బు. కొనేవాడికి సరుకే దొరకదు. ఓట్లు అడగవలసినవాడు రెండోదానికే ఎక్కువ భయపడతాడు.


జవాబు 2 – అయస్కాంతాల పద్దు

బాండ్లబాబు గారు చెప్పినదాంతో నాకు పేచీ లేదు. కానీ అసలు కథ నా బల్ల మీద ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక ఉన్నవారు చదవండి. మోటార్లు తయారుచేసే ఒక సంస్థలో కొనుగోళ్ల విభాగం నాది. మాది అమెరికా సంస్థ కాదు, చైనా సంస్థా కాదు.

ఏప్రిల్ 2న అమెరికా సుంకాల ప్రకటన వచ్చింది. 4వ తేదీన చైనా వాణిజ్య మంత్రిత్వ శాఖ ఏడు అరుదైన భూ మూలకాల (రేర్ ఎర్త్స్) ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది: సమారియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటేషియం, స్కాండియం, ఇట్రియం. వాటిలో కొన్నింటిని కలిపి చేసే అయస్కాంతాలకూ అదే నిబంధన. సుంకాల హోరులో దీన్ని పట్టించుకున్నవారు తక్కువ. మా విభాగంలో మాత్రం ఆ సాయంత్రం ఎవరూ ఇంటికి కదలలేదు.

గమనించండి, నిషేధం అనలేదు, లైసెన్సు అన్నారు. అమెరికాకు మాత్రమే అనలేదు, అన్ని దేశాలకూ అన్నారు. ఇందులో ఎంత తెలివి ఉందో కాగితాలు నింపినవాడికే తెలుస్తుంది. సరుకు ఎవరికి చేరుతుంది, దానితో ఏం చేస్తారు, ఆ చేసినదాన్ని మళ్లీ ఎవరికి అమ్ముతారు అన్నది వరుసగా రాసి, మా దగ్గర కొనే సంస్థ చేత కూడా సంతకం చేయించాలి. ఆయుధాల తయారీకి వాడబోమని హామీ ఇవ్వాలి. మోటారు ఫోటో, అయస్కాంతం మోటారులో ఏ చోట కూర్చుంటుందో చూపే ఫోటో, తయారీ లైను ఫోటో జతచేయాలి. పరిశీలనకు గడువు 45 పనిదినాలు. ఆ 45 లెక్కించడం ఎప్పటి నుంచి మొదలవుతుందన్నది అవతలివాళ్లు దరఖాస్తు సంపూర్ణంగా ఉందని ఒప్పుకున్న రోజును బట్టి ఉంటుంది. ఒకసారి ఫోటోలో వెలుగు చాలలేదని తిప్పి పంపారు. లైసెన్సు రాకపోవడం కంటే నాకు ఎక్కువ గుబులు పుట్టించింది వేరే ఉంది. ఏ మోటారు ఎవరి కారులోకి, ఎవరి యంత్రంలోకి వెళుతుందో చెప్పే పటం మొత్తం మేమే గీసి వాళ్ల చేతికి ఇచ్చాం. గూఢచారిని పంపినా అంత శుభ్రంగా రాసుకురాలేడు.

ఇక ఆ వస్తువు సంగతి. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసే అయస్కాంతం చూడటానికి నికెల్ పూత పూసిన చిన్న బిళ్ల. పింగాణీలా పెళుసు. రెండు బిళ్లలు దగ్గరగా వస్తే మధ్యన వేలి చర్మం నలిగిందన్నమాటే. మామూలు రకం 80 డిగ్రీల వేడి దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. మోటారు లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ. అందుకని కొద్దిగా డిస్ప్రోసియమో టెర్బియమో కలుపుతారు. నియోడిమియం ఆ ఏప్రిల్ జాబితాలో లేనే లేదు! అది లేకపోయినా పని జరిగిపోయింది, ఎందుకంటే వేడికి తట్టుకునే అయస్కాంతంలో ఆ చిటికెడు డిస్ప్రోసియం ఉండాల్సిందే. దాన్ని పట్టుకుంటే చాలు, మోటారు మొత్తం చేతికి వస్తుంది.

ఎవరి దగ్గరా దీని నిల్వ నెలల తరబడి ఉండదు. నిల్వ ఉంచితే డబ్బు ఊరికే పడి ఉందని పై అధికారులు గొణుగుతారు. ఫలితం మే నెలలో కనిపించింది. షికాగోలో ఫోర్డ్ వాళ్ల ఎక్స్‌ప్లోరర్ ప్లాంటు వారం పాటు ఆగింది. జపాన్‌లో సుజుకి స్విఫ్ట్ తయారీ ఆగింది. సుంకం పెరిగితే కారు ధర పెరుగుతుంది. బిళ్ల అందకపోతే కారే లేదు.

ఇంతకీ ఈ పట్టు చైనా చేతికి ఎలా వచ్చింది? లాక్కోలేదు, చాలా వరకు అమెరికాయే అప్పజెప్పింది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని 1960ల నుంచి 80ల దాకా ఈ అరుదైన మూలకాలకు ప్రపంచంలో ప్రధాన ఆధారం. ఈ అయస్కాంతాన్ని 1980ల మొదట్లో ఇటు జనరల్ మోటార్స్, అటు జపాన్‌లో సుమిటోమో దాదాపు ఒకేసారి కనిపెట్టాయి. జనరల్ మోటార్స్ దానికోసం ఇండియానాలో మాగ్నెక్వెంచ్ అనే విభాగం పెట్టింది. 1995లో ఆ సంస్థను చైనా భాగస్వాములున్న కూటమికి అమ్మేశారు, అమెరికా ప్రభుత్వం అనుమతించింది. కొన్నేళ్లకు అక్కడి ప్లాంట్లు మూతపడ్డాయి, తయారీ చైనాకు చేరింది. మౌంటెన్ పాస్ 2002లో మూతపడింది.

అటువైపు చూస్తే షూ గ్వాంగ్‌షియన్ అనే రసాయన శాస్త్రవేత్త ఉన్నారు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి 1951లో స్వదేశం వెళ్లిపోయారు. ఈ మూలకాలు రసాయనికంగా ఒకదాన్నొకటి ఎంతగా పోలి ఉంటాయంటే, వేరుచేయడానికి ద్రావకాల తొట్లు వందల సంఖ్యలో వరుసగా పెట్టి, ఒక్కో తొట్టిలో పిసరంత తేడా రాబడుతూ పోవాలి. ఆ వరుసను లెక్కకట్టి రూపొందించే సిద్ధాంతాన్ని ఆయన 1970లలో పెకింగ్ విశ్వవిద్యాలయంలో తయారుచేశారు. ఆ పద్ధతి ఫ్యాక్టరీల్లోకి పాకింది. ఇవాళ తవ్వకంలో చైనా వాటా సుమారు 70 శాతం, శుద్ధిలో సుమారు 90 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే అసలు బలం ఉంది. ఇతరులు తవ్వింది కూడా అక్కడికే చేరుతుంది.


లెక్క కుదరనివాడు (ప్రశ్న అడిగినవారు)

అయస్కాంతాల పద్దు గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. కానీ మౌంటెన్ పాస్ మళ్లీ తెరిచారు కదా? జబ్బు తెలిసి ఇన్నేళ్లయింది, మందు ఎందుకు వేసుకోలేదు?


అయస్కాంతాల పద్దు

వేసుకున్నారు, అది ఒంటపట్టలేదు. 2010 సెప్టెంబరులో, జపాన్, చైనా రెండూ తమవే అనే సెన్‌కాకు దీవుల దగ్గర చైనా చేపల పడవ జపాన్ తీర రక్షక నౌకలను ఢీకొంది. పడవ నాయకుణ్ని జపాన్ నిర్బంధించింది. ఆపైన జపాన్‌కు ఈ ఖనిజాల రవాణా సుమారు రెండు నెలలు నిలిచిపోయింది. ధరలు ఆకాశాన్నంటాయి. ఆ ధరలు చూసి మోలీకార్ప్ అనే సంస్థ మౌంటెన్ పాస్‌ను భారీ ఖర్చుతో మళ్లీ నడిపింది. తర్వాత ధరలు కుప్పకూలాయి. 2015లో మోలీకార్ప్ దివాలా తీసింది.

అందరూ సరఫరా ఆపడాన్నే ఆయుధం అంటారు. నా మటుకు నాకు, చౌకగా కుమ్మరించడమే అంతకంటే పెద్ద ఆయుధం. సరఫరా ఆపితే అవతలివాడు మేలుకొని కొత్త గని తవ్వుతాడు. ఆ గని సిద్ధమయ్యే వేళకు ధర పడగొడితే వాడికి అప్పిచ్చినవాళ్లు కూడా మళ్లీ ఆ వైపు తొంగిచూడరు. ఈ రెండోది పత్రికల్లో శీర్షిక కాదు, దివాలా కోర్టులో ఒక దస్త్రం మాత్రమే.

ఇప్పుడు ఆ గని ఎంపీ మెటీరియల్స్ చేతిలో ఉంది. వాళ్లు కూడా 2025 ఏప్రిల్ దాకా గాఢత పెంచిన ఖనిజాన్ని శుద్ధి కోసం చైనాకే పంపుతూ వచ్చారు. జులైలో అమెరికా రక్షణ శాఖ ఆ సంస్థలో 40 కోట్ల డాలర్ల వాటా కొని, నియోడిమియం–ప్రాసియోడిమియానికి కిలోకు 110 డాలర్ల కనీస ధర పదేళ్ల పాటు ఇస్తానంది. ప్రభుత్వం పెట్టుబడి పెట్టి ధర నిర్ణయించడం అన్యాయమని చైనాను ఇరవై ఏళ్లుగా తిట్టిన దేశం చివరికి అదే మార్గం పట్టింది. తప్పని నేననను, వేరే దారి లేదు. ఆ ఉపన్యాసాలు గుర్తున్నాయి కాబట్టి కాస్త నవ్వొచ్చింది, అంతే.

జపాన్ మాత్రం 2010 దెబ్బ మరచిపోలేదు. ఆస్ట్రేలియా సంస్థ లైనస్‌కు 2011లోనే 25 కోట్ల డాలర్ల అండ ఇచ్చింది, ధరలు పడినప్పుడు కూడా వదిలేయలేదు. ఆ లైనస్సే 2025 మేలో మలేసియాలోని ప్లాంటులో డిస్ప్రోసియం ఆక్సైడు తీసింది. అంటే పద్నాలుగేళ్ల ఓపిక. అయినా జపాన్ ఇంకా సగానికి పైగా చైనా మీదే ఆధారపడుతోంది.


జవాబు 3 – తగరపు చుక్క

అయస్కాంతాల వైపు నుంచే చూస్తే చైనాది పైచేయి అనిపిస్తుంది. నేను చిప్‌ల వైపు మనిషిని, ఇటు వచ్చి చూడండి.

నెదర్లాండ్స్‌లోని వెల్ట్‌హోవెన్ అనే ఊళ్లో ఏఎస్‌ఎంఎల్ సంస్థ ఈయూవీ యంత్రాలు, అంటే చిప్‌ల మీద అతి సన్నని గీతలను కాంతితో ముద్రించే యంత్రాలు చేస్తుంది. ప్రపంచంలో మరెవరూ చేయలేరు. అందులో కరిగిన తగరం చుక్కలు సెకనుకు 50 వేల చొప్పున జారుతుంటాయి. ఒక్కో చుక్కను లేజర్ రెండుసార్లు కొడుతుంది: మొదటి దెబ్బకు చుక్క అప్పడంలా పరుచుకుంటుంది, రెండో దెబ్బకు ఆవిరై 13.5 నానోమీటర్ల కాంతి వెదజల్లుతుంది. ఆ కాంతిని గాలి పీల్చేసుకుంటుంది, గాజు కూడా పీల్చేసుకుంటుంది. కాబట్టి అంతా శూన్యంలోనే జరగాలి, కటకాలకు బదులు అద్దాలే వాడాలి. ఆ అద్దాలు జర్మనీలో జైస్ చేస్తుంది, లేజర్లు ట్రంఫ్ చేస్తుంది, కాంతి ఉత్పత్తి చేసే భాగం అమెరికాలోని శాండియాగోలో సైమర్ చేస్తుంది. అమెరికా చెప్పిన మాట డచ్ ప్రభుత్వం ఎందుకు వింటుందో ఈ చివరి పేరులో కొంత జవాబు ఉంది. ఇప్పటిదాకా ఒక్క ఈయూవీ యంత్రం కూడా చైనాకు అమ్మనివ్వలేదు.

2022 అక్టోబరు 7న అమెరికా ఇంకో మెట్టు ఎక్కింది. అత్యాధునిక చిప్‌లనే కాదు, వాటిని చేసే పరికరాలను, చివరికి చైనా ఫ్యాక్టరీల్లో ఆ స్థాయి పనికి అమెరికా పౌరుల సాయాన్ని కూడా కట్టడి చేసింది. చైనా ముడి చమురు కంటే చిప్‌ల దిగుమతికే ఎక్కువ ఖర్చు చేసే దేశం. దెబ్బ తగలలేదంటే నమ్మను.

అయితే 2023 ఆగస్టులో అమెరికా వాణిజ్య మంత్రి చైనా పర్యటనలో ఉండగానే హువావే 7 నానోమీటర్ల చిప్‌తో మేట్ 60 ప్రో ఫోను బయటపెట్టింది. పాత రకం యంత్రాలతోనే ఒక పొరను పలుమార్లు ముద్రించి సాధించారు. ఖర్చు ఎక్కువ, పాడైపోయే చిప్‌లూ ఎక్కువ. అయినా చిప్ పనిచేసింది. ఇంకా విడ్డూరం 2025లో జరిగింది. కృత్రిమ మేధకు వాడే ఎన్విడియా హెచ్20 చిప్‌ను ఏప్రిల్‌లో చైనాకు అమ్మొద్దన్నారు, జులైలో అమ్ముకోవచ్చన్నారు, ఆగస్టులో ఆదాయంలో 15 శాతం ప్రభుత్వానికి కట్టమన్నారు. ఆలోగా చైనా అధికారులే తమ సంస్థలకు వాటిని కొనవద్దని చెప్పడం మొదలుపెట్టారు. తలుపు మూసినవాడు మళ్లీ తెరిచేసరికి లోపలికి వచ్చేవాడు లేడు.


జవాబు 4 – పాత దస్త్రాలు

ప్రచ్ఛన్న యుద్ధం పోలిక గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. పోలిక ఒకచోట కుదురుతుంది, ఒకచోట అసలు కుదరదు.

కుదిరేది ఎగుమతుల కట్టడి. 1949 నుంచి 1994 దాకా కోకమ్ అనే ఏర్పాటు ఉండేది. సోవియట్ కూటమికి ఏ సాంకేతిక పరిజ్ఞానం అమ్మకూడదో అమెరికా, మిత్రదేశాలు కలిసి జాబితా వేసేవి. 1980లలో తోషిబా అనుబంధ సంస్థ, నార్వేకు చెందిన కాంగ్స్‌బెర్గ్ కలిసి జలాంతర్గాముల ప్రొపెల్లర్లు చెక్కే యంత్రాలను సోవియట్‌కు అమ్మిన సంగతి 1987లో బయటపడింది. అమెరికా కాంగ్రెస్ సభ్యులు కొందరు పార్లమెంటు భవనం బయట తోషిబా రేడియోను సమ్మెటలతో పగలగొట్టారు. ఇవాళ ఏఎస్‌ఎంఎల్ మీద ఒత్తిడి చూస్తే నాకు ఆ సమ్మెటలే గుర్తొస్తాయి.

కుదరనిది వ్యాపారం. సోవియట్‌తో అమెరికాకు చెప్పుకోదగ్గ వ్యాపారం ధాన్యం ఒక్కటే. అఫ్గానిస్థాన్ ఆక్రమణకు శిక్షగా 1980 జనవరిలో కార్టర్ 1.7 కోట్ల టన్నుల ధాన్యం అమ్మకాన్ని ఆపేశారు. అర్జెంటీనా ఆ లోటు చాలావరకు పూడ్చి లాభపడింది. అమెరికా రైతులు మండిపడ్డారు. 1981 ఏప్రిల్‌లో రీగన్ ఆంక్ష ఎత్తేశారు. 2025లో చైనా ఇదే కథను తిరగరాసింది: సెప్టెంబరులో అమెరికా నుంచి ఒక్క గింజ సోయాబీన్ కూడా దిగుమతి చేసుకోలేదు. ఆ ఖాళీలోకి బ్రెజిల్ వచ్చింది. ఈసారి ఆపింది కొనేవాడు, అంతే తేడా.

అసలు దగ్గరి పోలిక జపాన్. డాలరుతో పోలిస్తే యెన్ విలువ పెంచిన 1985 ప్లాజా ఒప్పందం, 1986 చిప్‌ల ఒప్పందం, ఆ మరుసటి ఏడు కొన్ని జపాన్ సరుకుల మీద అమెరికా 100 శాతం సుంకాలు. జపాన్ తల వంచింది. దాని రక్షణ అమెరికా సైన్యం చేతిలో ఉంది మరి. చైనా అలా వంచుతుందని అనుకున్నవారు ఆ ఒక్క సంగతి మరిచారు.


అయస్కాంతాల పద్దు

తగరపు చుక్క గారితో ఒక్కచోట విభేదిస్తాను. ఎవరి పట్టు గట్టిదన్నది కాదు, ఎవరి పట్టు ఎంత త్వరగా నొప్పి పుట్టిస్తుందన్నదే ఈ ప్రశ్నకు జవాబు. ఈయూవీ యంత్రం ఇవ్వకపోతే చైనా అయిదేళ్ల తర్వాత వెనకబడవచ్చు, ఇవాళ నడిచే ఫ్యాక్టరీ ఇవాళ ఆగదు. అయస్కాంతం ఇవ్వకపోతే ఆరు వారాల్లో లైను ఆగుతుంది. అందుకే నెల రోజుల్లో జెనీవా వచ్చింది.

జెనీవా తర్వాత కూడా లైసెన్సులు నత్తనడకే. దానికి మే నెలాఖరులో అమెరికా త్వరగా నొప్పి పుట్టించేవాటినే వెతికింది: చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్, చైనా సీ919 విమానాలకు వెళ్లే ఇంజిన్ల సామగ్రి, ప్లాస్టిక్ పరిశ్రమకు కావలసిన ఈథేన్. ఈథేన్ విషయంలో జూన్‌లో ఒక దశలో ఓడలోకి నింపుకోవచ్చు, చైనాలో దించడానికి మాత్రం అనుమతి కావాలన్నారు. ఓడల్లో సరుకు నింపి సముద్రం మీద నిలబెట్టడం! లండన్ చర్చల తర్వాత జులై మొదట్లో అవన్నీ ఎత్తేశారు.


లెక్క కుదరనివాడు (ప్రశ్న అడిగినవారు)

నేను డాలర్లను లెక్కపెట్టాను, వారాలను లెక్కపెట్టాల్సింది. ఒక్క చివరి ప్రశ్న. 2025 అక్టోబరు 30న బుసాన్‌లో ట్రంప్, షీ కలిశాక అంతా ఏడాది పాటు వాయిదా అన్నారు. మరి మీ లైసెన్సుల బెడద తీరినట్టేనా?


అయస్కాంతాల పద్దు

లేదు. వాయిదా పడింది అక్టోబరు 9న ప్రకటించిన కొత్త నియంత్రణలు. అందులో విదేశంలో తయారైన వస్తువులో చైనా మూలకం విలువ 0.1 శాతం ఉన్నా అనుమతి కావాలన్న నిబంధన ఉండేది. ఆ వాయిదా 2026 నవంబరు 10 దాకా. ఏప్రిల్ 4 నాటి ఏడు మూలకాల జాబితా మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్కో సరుకుకు కాకుండా ఒక కొనుగోలుదారుకు ఏడాదికి సరిపడా సాధారణ లైసెన్సులు ఇస్తామన్నారు, అవి ముందుగా పెద్ద సంస్థలకు దక్కుతాయి. మాలాంటివాళ్లం ఇంకా ఒక్కో సరుకుకు ఒక్కో దస్త్రం కడుతున్నాం. ఈలోగా మా డిజైనర్లు ఈ అరుదైన మూలకాలు అక్కర్లేని మామూలు ఫెర్రైటు అయస్కాంతాలతో ఒక నమూనా మోటారు చేశారు. బరువు ఎక్కువ, పరిమాణం ఎక్కువ, కొన్న సంస్థ ఇంజినీర్లు చూసి మొహం చిట్లించారు. అయినా పరీక్షలకు పంపమన్నారు.